సరాయెవోలో ఏ మొహల్లాలో దిగాలి?

గత మాసం దుబాయిలో నివసిస్తున్న ఒక సోదరి నుంచి మాకు ఉత్తరం అందింది. ఆమె స్వస్థలం గుంటూరు జిల్లా. "74 ఏళ్ళ మామగారు, మోకాళ్ళ నొప్పితో బాధపడే అత్తగారు, ఇద్దరు పిల్లలతో కలిసి నాలుగు రాత్రుల కోసం బోస్నియా రాజధాని సరాయెవోకు వెళ్ళదలచాము. అది చాలా చిన్న నగరమనీ, ఎక్కడ దిగినా ఒకటేననీ బంధువులు అంటున్నారు. మీరు ఆ నగరాన్ని చూసి వచ్చారని విన్నాను. ఏ పేటలో బస చేస్తే బాగుంటుంది?" అని ఆమె అడిగారు. ఉత్తరం ఆరు పంక్తులే. కాని ఆ ప్రశ్నకు ఆరు పంక్తులలో జవాబు ఇవ్వడం మాకు చేతకాలేదు. ఎక్కడ దిగినా ఒకటేనన్న మాటను నమ్మి ఒకసారి మేమూ నష్టపోయాము. మేము నష్టపోయింది డబ్బు కాబట్టి సరిపెట్టుకున్నాము. మా అమ్మగారు నష్టపోబోయింది అంతకంటే విలువైనది.

సరాయెవో చిన్న నగరమన్న మాట అబద్ధం కాదు. 2013 జనగణన ప్రకారం నగరం నాలుగు ప్రధాన విభాగాల జనాభా మూడు లక్షల లోపే. అయితే ఇది చదునైన నేల మీద గుండ్రంగా పరచుకున్న నగరం కాదు. నలువైపులా కొండలు, వాటి మధ్య ఇరుకైన లోయ, లోయ అడుగున తూర్పు నుంచి పడమరకు పారే మిల్యాత్స్కా అనే సన్నని నది. ఆ నది వెంబడి నగరం పొడవుగా సాగింది. తూర్పు కొసన ఉస్మానియా సుల్తానుల కాలం నాటి పాత బజారు, దానిని ఆనుకొని ఆస్ట్రియా-హంగేరీ పాలకులు కట్టిన వీధులు, వాటి తరువాత యుగోస్లావియా కాలం నాటి బహుళ అంతస్తుల నివాసాలు. పడమరకు నడిచేకొద్దీ శతాబ్దాలు ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి. నది వెంట నడిచేవారికి ఆ నేల అరచేయిలా ఉంటుంది. పాత నగర సభాభవనం నుంచి మారియిన్ ద్వోర్ వరకు రెండున్నర కిలోమీటర్లకు మించదు. పిల్లలతో మెల్లగా నడిచినా ముప్పావు గంట చాలు. కాని నది నుంచి ఉత్తరానికో దక్షిణానికో తిరిగారా, రెండు మూడు సందులు దాటేలోగా కొండ ఎక్కుతూ ఉంటారు. పటం మీద గీసిన గీతకు ఈ ఎత్తుపల్లాలు తెలియవు.

మేము చేసిన పొరపాటు సరిగ్గా అక్కడే. పాత బజారు నుంచి 600 మీటర్లని చూసి, వ్రాత్నిక్ అనే ఎగువ మొహల్లాలో ఒక ఇంటి పై భాగాన్ని ఐదు రాత్రులకు అద్దెకు తీసుకున్నాము. మధ్యవర్తి ఇచ్చిన వివరణలో "ఐదు నిమిషాల నడక" అని ఉంది. అది దిగేవారి లెక్క అని, ఎక్కేవారి లెక్క కాదని మాకు తోచలేదు. అక్టోబరు ఆఖరు రోజులు. వాన పడుతోంది. టాక్సీ సందు మొదట్లోనే ఆగిపోయింది. అక్కడి నుంచి గుండురాళ్ళు పరిచిన ఏటవాలు దారి, ఆ తరువాత 38 మెట్లు. మా అమ్మగారు ఒక్కొక్క మెట్టు మీద ఆగుతూ, గోడ పట్టుకొని ఎక్కారు. పైకి చేరాక "ఇల్లు శుభ్రంగా ఉంది" అని మాత్రం అన్నారు.

ఆమె ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది ఒకే ఒక కోరికతో. గాజీ ఖుస్రవ్ బేగ్ మస్జిదులో ఒక్క ఫజ్ర్ నమాజు చేయాలి. 1992 నుంచి దాదాపు నాలుగేళ్ళ పాటు సరాయెవో ముట్టడిలో ఉన్న కాలంలో ఆమె ఇంట్లో రేడియో ముందు కూర్చొని ఆ వార్తలు వినేవారు. ఆ నగరం పేరు ఆమె దుఆలలో చేరింది. ఇప్పుడు ఆ మస్జిదు మినారు కిటికీలోంచి కనిపిస్తోంది. కాని మరునాడు తెల్లవారుజామున చీకటిలో, తడిసిన రాళ్ళ మీద ఆమెను దింపే ధైర్యం మాకు లేకపోయింది. మేము వెళ్ళి వచ్చాము. ఆమె కిటికీ దగ్గర కుర్చీ వేసుకొని, లోయలోని మినారుల నుంచి ఒకదాని వెనుక ఒకటిగా లేచే అజాన్ వింటూ గదిలోనే నమాజు చేసుకున్నారు. ఫిర్యాదు చేయలేదు. వృద్ధులు ఫిర్యాదు చేయకపోవడాన్ని అంగీకారంగా తీసుకోవడం మనకు అలవాటు. ఆ ఉదయం మేమూ అదే చేశాము. మధ్యాహ్నం ఆమె మందుల సంచిలో నొప్పి మాత్రల పట్టీ సగం ఖాళీ అయి ఉండడం చూశాక గాని మాకు సిగ్గు కలగలేదు.

ఇక్కడ కొంత చరిత్ర చెప్పక తప్పదు. అది తెలిస్తే బస ఎంపిక సులువవుతుంది. 15వ శతాబ్దంలో ఈసా బేగ్ అనే ఉస్మానియా అధికారి ఈ లోయలో మస్జిదును, వంతెనను, సరాయిని, స్నానశాలను, తన కోసం ఒక భవనాన్ని కట్టించి వాటిని వక్ఫుతో ముడిపెట్టాడు. మన వైపు సరాయి అంటే బాటసారుల సత్రం. తుర్కీలో సరాయ్ అంటే పాలకుని భవనం. ఆ భవనం చుట్టూ ఉన్న మైదానం పేరే నగరం పేరయింది. అప్పటి నుంచి ఇక్కడ ఒక కట్టుబాటు ఏర్పడింది. లోయ అడుగు వర్తకానికి, కొండవాలు నివాసానికి. అడుగున ఉన్నది చార్షియా, వాలు మీద ఉన్నవి మహలాలు. చార్షియా అన్న మాట పారసీకపు "చార్ సూ" నుంచి, అంటే నాలుగు దిక్కుల కూడలి నుంచి, తుర్కీ మీదుగా వచ్చింది. హైదరాబాదులో చార్మినారుకు ఉత్తరాన ఉన్న గుల్జార్ హౌజును పూర్వం చార్ సూ కా హౌజ్ అనేవారు, అదే మాట. ఇక మహలా అంటే మన మొహల్లాయే. ఉస్మానియా కాలంలో సరాయెవోలో ఇటువంటివి సుమారు వంద ఉండేవి. ఒక చిన్న మస్జిదు, దాని చుట్టూ కొన్ని పదుల ఇళ్ళు, ఒక నీటి ధార, ఒక రొట్టెల బట్టీ. వర్తకుడు పగలంతా చార్షియాలో ఉండి, సాయంకాలం దుకాణం చెక్కలు దించి, వాలెక్కి ఇంటికి వెళ్ళేవాడు. ఎదుటివాని కిటికీకి అడ్డు రాకుండా ఇల్లు కట్టుకోవాలన్నది అక్కడి మర్యాద. అందుకే ఆ ఇళ్ళు మెట్లు మెట్లుగా, ఒకదాని భుజం మీదుగా మరొకటి లోయలోకి చూస్తూ ఉంటాయి. అంటే బజారులో రాత్రి నిద్రించేవారు వర్తకులు కారు, ప్రయాణికులు. వారి కోసమే హాన్‌లు ఉండేవి. వాటిలో మోరిచా హాన్ నేటికీ నిలిచి ఉంది. అక్కడ 300 మంది మనుషులకు, 70 గుర్రాలకు చోటుండేదని చెబుతారు. గాజీ ఖుస్రవ్ బేగ్ వక్ఫులో ముసాఫిర్ ఖానా కూడా ఉండేది. ఏ మతస్థుడైనా సరే, మూడు రోజులు ఉచితంగా భోజనం, పడక దొరికేవి. బోస్నియా భాషలో ముసాఫిర్ అంటే ప్రయాణికుడు కాదు, అతిథి. ఈ చిన్న అర్థభేదం మాకు చాలా నచ్చింది.

కాబట్టి బాష్‌చార్షియాలో, అంటే ప్రధాన బజారులో, దిగేవారు నాలుగైదు శతాబ్దాల పద్ధతినే పాటిస్తున్నారు. దాని లాభాలు స్పష్టం. గాజీ ఖుస్రవ్ బేగ్ మస్జిదు 1530ల నాటిది. దాని ఎదుట 1537లో స్థాపించిన మద్రసా. పక్కన చంద్రమాన కాలం చూపే గడియార స్తంభం. ఆ గడియారంలో పన్నెండు కొట్టేది సూర్యాస్తమయానికి, మగ్రిబ్ వేళకు. రోజు అక్కడ ముగిసి అక్కడే మొదలవుతుంది. మా పిల్లవాడు తన చేతి గడియారాన్ని దానికి సరిచేయాలని చూసి గంటసేపు తికమకపడ్డాడు. బజారు నేల చదును. కబాబు దుకాణాలలో చాలావాటిలో మద్యం వడ్డించరు. మాంసం విషయంలో ఈ పేటలో నిశ్చింతగా ఉండవచ్చు. పడమటి పేటలలో పంది మాంసం అమ్మే చోట్లూ ఉన్నాయి కనుక అడిగి తినడం మంచిది. బురెక్ అంటే అక్కడ మాంసం పెట్టినది మాత్రమే. జున్ను పెడితే సిర్నిత్సా, పాలకూర పెడితే జెల్యానిత్సా, బంగాళాదుంప పెడితే క్రొంపిరుషా. "జున్ను బురెక్" అని అడిగితే దుకాణదారు నవ్వుతాడు, కాస్త నొచ్చుకుంటాడు కూడా.

నష్టం చప్పుడు. వేసవి సాయంకాలాలలో బజారు రాతి సందులు మనుషులతో నిండిపోతాయి. అక్కడి గదులు చాలావరకు చిన్నవి, పైకప్పు కింద ఇరుకు మెట్లతో ఉన్నవి. పసిపిల్లలున్నవారు, నిద్ర తేలికగా చెదిరే పెద్దలున్నవారు కూడలికి అభిముఖంగా ఉన్న గదిని తీసుకోకూడదు. నీళ్ళ ధార ఉన్న సెబిల్ కూడలి నుంచి పైకి కొవాచి వీధి మొదలవుతుంది. దాని అడుగు భాగం వరకు ఫరవాలేదు. పైకి వెళితే షహీదుల ఖబరస్తాన్ వస్తుంది. తెల్లని రాతి స్తంభాల నడుమ, 2003లో మరణించిన తొలి రాష్ట్రపతి అలియా ఇజెత్‌బేగోవిచ్ సమాధి కూడా అక్కడే ఉంది. అక్కడి నుంచి అసలు ఎక్కుడు ఆరంభమవుతుంది. ఆ పైది వ్రాత్నిక్. మా కథ జరిగిన చోటు.

మా నిర్ణయం రెండవ రోజు రాత్రి జరిగింది. మిగిలిన మూడు రాత్రుల డబ్బు పోయినా సరే, కిందికి దిగుదామనుకున్నాము. మధ్యవర్తిని అడిగాము. "నిబంధనలలో రాసి ఉంది" అన్నారు. పైసా తిరిగి రాలేదు. మాలో కొంత వాదన కూడా జరిగింది. ఒకరు "అమ్మను ఒకసారి టాక్సీలో తీసుకువెళ్ళి చూపించి తెద్దాం, అంత డబ్బు వదులుకోవడం దుబారా" అన్నారు. మరొకరు "ఆవిడ చూడడానికి రాలేదు, నమాజు చేయడానికి వచ్చారు, తెల్లవారుజామున ఈ మెట్ల మీద ఎలా దింపుతాం?" అన్నారు. దుబారా అన్న మాటలో నిజముంది. రెండవ మాటలో అంతకంటే ఎక్కువ నిజముంది.

తీరా ఆమెకు చెబితే, "నేను రాను" అన్నారు.

మేము నగరమంతా తిరుగుతున్న ఆ రెండు రోజులూ ఆమె ఒంటరిగా లేరన్న సంగతి మాకు అప్పుడు తెలిసింది. పక్క ఇంటి పెరటిలో ఒక వృద్ధురాలు ఆకులు ఊడుస్తూ, కిటికీలో కూర్చున్న మా అమ్మగారిని చూసి సలామ్ చెప్పారట. అక్కడ అమ్మమ్మను, నానమ్మను నెనా అనీ నానా అనీ పిలుస్తారు. మా పిల్లలకు ఉర్దూలో నానా అంటే తాత, తెలుగులో నాన్న అంటే తండ్రి; వారి నవ్వు ఆపడం కష్టమయింది. ఆ నెనా గోడ దాటి వచ్చి మా అమ్మగారి చేయి పట్టుకొని తన ఇంటికి తీసుకువెళ్ళారు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. కాని చాయ్ చాయే. చక్కెర షెచెర్, సబ్బు సాపున్, గోడ దువార్, గంట సహత్. పొరుగువారిని కొమ్షియా అంటారని మా అమ్మగారు నేర్చుకున్నారు. పొడవు పిడి ఉన్న చిన్న రాగి గిన్నెలో కాఫీ కాచి, పక్కన ఒక రాహత్ లొకుం ముక్క పెట్టి ఇచ్చారట. గోడ మీద ఒక యువకుని ఛాయాచిత్రం ఉందట. ఎవరని అడగలేదట. "అడగవలసిన అవసరం లేకపోయింది, ఆమె దాని వైపు చూసిన తీరులోనే తెలిసింది" అన్నారు అమ్మగారు.

ఇరుగుపొరుగు హక్కుల గురించి ఈ పత్రికలో ఎన్నో వ్యాసాలు వచ్చాయి. ఇల్లు చూసేముందు పొరుగును చూడమన్న అరబ్బీ సామెత మనకు కొత్త కాదు. అయినా నాలుగు రోజుల బసకు కూడా అది వర్తిస్తుందని మేము ఎన్నడూ అనుకోలేదు. పటం మీద తప్పుగా ఎంచుకున్న ఇల్లు పొరుగు లెక్కలో సరైనది కావడం మమ్మల్ని ఇరకాటంలో పెట్టింది. చివరికి మా అమ్మగారే తీర్పు చెప్పారు. "ఫజ్ర్‌కు కిందికి పోదాం. కాని వెళ్ళిపోయే రోజు నన్ను టాక్సీలో పైకి తీసుకురావాలి. చెప్పకుండా పోతే ఆమె ఏమనుకుంటుంది?"

కొత్త బస నది దక్షిణపు ఒడ్డున, సుల్తాన్ మస్జిదుకు దగ్గరలో దొరికింది. దానిని గురించి కాస్త వివరంగా రాస్తాము. ఎందుకంటే చాలామంది ఈ ఒడ్డును పట్టించుకోరు. సుల్తాన్ ఫాతిహ్ మెహమ్మద్ పేరిట కట్టిన ఆ మస్జిదు నగరంలోని ప్రాచీన మస్జిదులలో ఒకటి. ఇప్పుడున్న కట్టడం 1565 నాటిది. దానికి ఇరువైపులా నదిని ఆనుకొని ఉన్న మొదటి వరుస వీధి చదునుగా ఉంటుంది. వంతెన దాటితే బజారు. రాత్రి నిశ్శబ్దం, నీటి చప్పుడు తప్ప ఏమీ వినబడదు. దీనికి వెనుక భాగాన్ని బిస్ట్రిక్ అంటారు. అది మళ్ళీ నిట్టనిలువు కొండ. రెండవ వరుసకు మించి వెళ్ళకూడదు. ఇక్కడి నీటి ఊటల మీద 19వ శతాబ్దంలో ఒక సారా కర్మాగారం వెలిసింది. ముట్టడి కాలంలో నగరానికి కుళాయి నీరు ఆగిపోయినప్పుడు, ఆ కర్మాగారపు ఊట నీటి కోసమే ముస్లింలు, క్రైస్తవులు, యూదులు డబ్బాలు పట్టుకొని వరుసలో నిలిచారు. ఆ వరుసల మీద కూడా గుండ్లు పడ్డాయి.

ఈ ఒడ్డునే ఇనాత్ కుచా అనే పాత ఇల్లుంది; మొండితనపు ఇల్లు అని అర్థం. ఎదుటి ఒడ్డున నగర సభాభవనం కట్టేటప్పుడు ఆ స్థలంలోని ఇంటి యజమాని ఎంత ధర ఇస్తామన్నా అమ్మనన్నాడట. చివరికి సంచి నిండా బంగారు నాణేలు తీసుకొని, తన ఇంటిని ఇటుక ఇటుకగా విప్పి నదికి ఇవతల మళ్ళీ కట్టించుకొన్నాడని కథ. అలా లేచిన సభాభవనం 1896లో ప్రారంభమయింది, తరువాత జాతీయ గ్రంథాలయమయింది, 1992 ఆగస్టు 25 రాత్రి ఫిరంగి గుండ్లకు తగలబడింది. లక్షలాది గ్రంథాలు బూడిదయ్యాయి. 2014లో మళ్ళీ తెరిచారు. మా కిటికీ నుంచి రాత్రివేళ దాని రంగురంగుల గోడలు దీపాల వెలుగులో కనిపించేవి.

బజారుకు పడమర ఫెర్హాదియా వీధి. వాహనాలు రావు; ఆస్ట్రియా కాలం నాటి నాలుగంతస్తుల భవనాలు, కొన్నింటిలో పాతకాలపు లిఫ్టు కూడా ఉంటుంది. కొద్ది నిమిషాల నడకలో మస్జిదు, కథోలిక చర్చి, ఆర్థడాక్స్ చర్చి, యూదుల ప్రార్థనాలయం కనిపిస్తాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి, లిఫ్టు ఉన్న ఇల్లు దొరికితే, ఇంతకంటే మంచి చోటు లేదు. అయితే తల్లిదండ్రులు ముందే ఒక విషయానికి సిద్ధపడాలి. ఈ వీధికి దగ్గరలోనే మార్కాలె కూరగాయల బజారు ఉంది. 1994 ఫిబ్రవరి 5న అక్కడ పడిన ఒక్క గుండుకు 68 మంది మరణించారు. నగరంలో చాలాచోట్ల గుండు పగిలిన గుంతలను ఎర్రని రెజిన్‌తో నింపి అలాగే ఉంచారు. వాటిని సరాయెవో గులాబీలు అంటారు. మా చిన్నది వాటి మీద గెంతుతూ ఆడబోయింది. అటుగా పోతున్న ఒక పెద్దమనిషి ఏమీ అనకుండా పక్కకు తప్పుకొని నడిచాడు. ఆ తరువాత మేము ఆమెకు చెప్పాము, ఆమె ఎన్నడూ తొక్కలేదు. 2012లో ముట్టడికి ఇరవై ఏళ్ళు నిండినప్పుడు ప్రధాన వీధిలో 11,541 ఎర్ర కుర్చీలను ఖాళీగా వరుసలు వేశారు, మరణించిన ఒక్కొక్కరికి ఒకటి చొప్పున. ఆ వీధిలోనే ఇప్పుడు మనం ట్రామ్ కోసం నిలబడతాము.

మారియిన్ ద్వోర్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఎత్తైన కొత్త భవనాలు, పెద్ద హోటళ్ళు, ట్రామ్ సౌకర్యం. సౌఖ్యం కోరేవారికి బాగుంటుంది. నగరపు గుండె చప్పుడు అక్కడ వినిపించదు. అయితే జాతీయ సంగ్రహాలయం అక్కడే ఉంది. 14వ శతాబ్దపు యూదుల ప్రార్థనా గ్రంథం ఒకటి అందులో భద్రంగా ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో నాజీలు దాని కోసం వచ్చినప్పుడు, గ్రంథాలయాధికారి దెర్విష్ కోర్కుత్ అనే ముస్లిం పండితుడు దానిని రహస్యంగా తరలించాడు. ఒక కొండ గ్రామపు మస్జిదులో దాచారని చెబుతారు. ఆయన ఒక యూదు బాలికకు తన ఇంటిలో ఆశ్రయమిచ్చాడు కూడా. పిల్లలను అక్కడికి తప్పక తీసుకువెళ్ళండి. బస మాత్రం అవసరం లేదు.

ఇక ఇలిద్జా. గల్ఫ్ నుంచి వచ్చే అరబ్బు కుటుంబాలు వేసవిలో ఎక్కువగా దిగేది అక్కడే. మన బంధువులు కూడా అదే చెబుతారు. పాత బజారు నుంచి పది కిలోమీటర్లకు పైగా పడమర, ట్రామ్‌లో ముప్పావు గంట. ఇగ్‌మాన్ పర్వత పాదం వద్ద బోస్నా నది భూమిలోంచి చల్లగా ఉబికివచ్చే వ్రెలో బోస్నే అనే తోట ఉంది. అక్కడికి మూడు కిలోమీటర్లకు పైగా వృక్షాల నీడలో బాట. గుర్రపు బండ్లు తిరుగుతాయి. విశాలమైన ఇళ్ళు, వంటగదులు, పిల్లలు పరుగెత్తే చోటు. విమానాశ్రయం పక్కనే. 1993లో నగరవాసులు రన్‌వే కింద చేతులతో తవ్విన సుమారు 800 మీటర్ల సొరంగపు మ్యూజియం కూడా ఆ వైపే. వారం రోజులు విశ్రాంతిగా గడపదలచినవారికి ఇలిద్జా సరైనది. నాలుగు రాత్రులకు కాదు. ఉదయం ట్రామ్, సాయంకాలం ట్రామ్ అయితే ఫజ్ర్, ఇషా రెండూ పాత మస్జిదులకు దూరమవుతాయి. ఇంకొక మాట, ఇది మా అభిప్రాయం మాత్రమే: అక్కడ మన చుట్టూ ఉండేవారిలో ఎక్కువమంది మనలాంటి అతిథులే. నెనా వంటివారు గోడ దాటి రావడం అరుదు.

కాలం సంగతి కూడా చూసుకోవాలి. శీతాకాలంలో ఈ లోయ మీద చల్లని గాలి మూతలా నిలిచిపోయి, బొగ్గు పొగ, వాహనాల పొగ అడుగున పేరుకుంటాయి. డిసెంబరు, జనవరి నెలలలో ఉబ్బసం ఉన్నవారు లోయ అడుగున ఉండకపోవడమే మేలు. ఆ రోజులలో ఎగువ మొహల్లాలు తరచు పొగమంచుకు పైన ఉంటాయి. రమదాన్‌లో వెళ్ళేవారు ఇఫ్తార్‌కు ముందు ఒక సాయంకాలం టాక్సీలో వ్రాత్నిక్ సమీపంలోని పసుపు బురుజుకు వెళ్ళాలి. ఫిరంగి మోగగానే లోయలోని మినారుల దీపాలు వెలుగుతాయి. చుట్టూ కొండలలో నడిచేటప్పుడు గుర్తులున్న బాటను విడిచి పోకూడదు. యుద్ధకాలపు మందుపాతరలు దేశంలో ఇంకా పూర్తిగా తొలగలేదు. ద్రవ్యం మార్కులలో ఉంటుంది. ఒక యూరోకు 1.95583 మార్కులని విలువ స్థిరం చేశారు. బజారులో చిన్న దుకాణాలకు నగదు ఉంచుకోవాలి.

మా అమ్మగారు దక్షిణపు ఒడ్డుకు మారిన మరునాడు తెల్లవారుజామున చేతికర్ర పట్టుకొని, వంతెన దాటి, చదునైన దారిలో పది పన్నెండు నిమిషాలు నడిచారు. మస్జిదు ప్రాంగణంలో ఫవ్వారా నీటితో వజూ చేసుకుంటే చేతులు కొంకర్లు పోయాయన్నారు. స్త్రీలకు కేటాయించిన చోట నమాజు ముగించి వచ్చి చాలాసేపు మెట్టు మీద కూర్చున్నారు. మేమూ మాట్లాడలేదు. మిగిలిన రెండు రోజులూ ఆమె మమ్మల్ని నిద్రలేపి తీసుకువెళ్ళారు. చివరి రోజు ఇచ్చిన మాట ప్రకారం టాక్సీలో పైకి వెళ్ళాము. సందు మొదటి నుంచి ఆ 38 మెట్లు ఆమె ఎక్కవలసి రాలేదు. నెనాయే మనుమడి చేయి పట్టుకొని కిందికి దిగి వచ్చి మా కోసం వీధి చివర నిలబడి ఉన్నారు. మా అమ్మగారు తన సామాను నుంచి మామిడి ఆవకాయ సీసా తీసి ఆమె చేతిలో పెట్టారు. కారం ఎక్కువని సైగలతో ఎంత చెప్పినా ఆమెకు అర్థమయినట్టు మాకు తోచలేదు.

సోదరికి మా సలహా ఇది. మామగారు, అత్తగారు ఉన్నారు కనుక, వారికి ఉబ్బసం లేకపోతే, నది దక్షిణపు ఒడ్డున మొదటి వరుసలో గాని, లిఫ్టు ఉన్న ఇల్లు దొరికితే ఫెర్హాదియాలో గాని దిగండి. ఒక రోజు ట్రామ్‌లో ఇలిద్జాకు వెళ్ళి రండి, పిల్లలు సంతోషిస్తారు. డబ్బు చెల్లించేముందు ఇంటి యజమానికి స్వయంగా రాసి మూడు విషయాలు అడగండి. టాక్సీ ఆగే చోటు నుంచి తలుపు వరకు ఎన్ని అడుగులు, అందులో ఎన్ని మెట్లు? దారి ఏటవాలా, చదునా? పెద్దలకు ఇబ్బందిగా ఉంటే మొదటి రోజే మానుకొనే వీలుందా? "దగ్గరే" అన్న జవాబు వస్తే మళ్ళీ అడగండి, అంకెలలో చెప్పమనండి. ఆ జవాబును మీ దగ్గర భద్రపరచుకోండి. పక్క ఇంటివారి కోసం సామానులో ఏదైనా ఒకటి పెట్టుకోండి, ఆవకాయ కాకుండా.